కళ్ళజోళ్ళ కొట్టుకు కొత్త ముఖం

అక్షరాలు నాకు ఆలస్యంగా పట్టుబడ్డాయి. ఎక్కడైనా వత్తు జారిపోతే మీరే ఎత్తి పెట్టుకోండి. చెయ్యి నెమ్మదే గాని, కథ తొందరగానే చెబుతాను.

ఆ ఉదయం కళ్ళజోళ్ళ కొట్టాయన అనుకున్నది చాలా చిన్నది. కొత్తగా ముస్తాబైన కొట్టు తెరవాలి, సాయంత్రం దాకా చూడాలి, ఒక్క బేరం తప్పినా పాత బోర్డు మళ్ళీ ఎక్కించాలి. ముస్తాబు చేసింది అల్లుడు. కొట్లకు ముఖాలు దిద్దే చదువు చదివొచ్చాక అతనికిదే మొదటి పని. ఇది చెడితే, సొంత మామే పీకించేశాడంటే, ఇంకెవరు పిలుస్తారు?

పాత బోర్డు మీద గుమ్మడికాయలంత కళ్ళు రెండుండేవి. వాటిని చూసి పసిపిల్లలు గుక్కపట్టేవారు. అల్లుడు వాటిని దింపించి, నేల నుంచి కప్పు దాకా అద్దం బిగించాడు. తలుపూ అద్దమే, దానికి పిడి కూడా లేదు. పేరేమో ఓ మూల, మోకాలెత్తున, సన్నటి బూడిదరంగు అక్షరాల్లో ఉంది.

"అంత చిన్నగా రాశావేం బాబూ?"

"బోర్డు అరవకూడదు మావయ్యా. మెల్లగా మాట్లాడాలి."

"మన దగ్గరికొచ్చేవాళ్ళకి అరిచినా కనబడదయ్యా!"

మొదట వచ్చింది మాస్టారు. కళ్ళజోడు పగిలి, కొత్తది తీసుకోవడానికి వచ్చారు. ఆ రెండు కళ్ళకోసం వెతికి, దొరక్క, పక్క కొట్లో దూరారు. కుర్చీ, దాని ముందు అద్దం ఉన్నాయి కదా అని కూర్చుని, "కానివ్వవయ్యా" అని కళ్ళు మూసుకున్నారు. అది మంగలి కొట్టు. ముక్కు మీదికి కళ్ళజోడు రాలేదు సరికదా, ముక్కు కిందున్న మీసం పోయింది.

మాస్టారి కేక విని, కొట్టాయన్ని పిలుద్దామని పాలవాడు పరుగెత్తాడు. లోపల మనుషులు కనబడుతుంటే దారి ఉందనుకున్నాడు. అద్దం నిలిచింది, పాలు నిలవలేదు. అది చూసి కంగారుగా బయటికి ఉరికిన కొట్టాయన కూడా అదే అద్దానికి ఠంగున తగిలాడు. ఆయన కళ్ళజోడు రెండు ముక్కలైంది.

వీధంతా వచ్చి అద్దం ముందు చేరింది. లోపల జరిగేదంతా శుభ్రంగా కనబడుతోంది. అల్లుడు అనుకున్నట్టు జరిగింది అదొక్కటే.

"నా గుమ్మడికాయ కళ్ళు నాకు ఎక్కించండి!" అని అరిచాడు కొట్టాయన, గోడ తడుముకుంటూ.

అల్లుడు మోకాళ్ళ మీద కూర్చుని, తన అక్షరాలను తనే గీకడం మొదలుపెట్టాడు. అత్తగారు అది చూడలేకపోయింది.

"బోర్డు సంగతి తరవాత. ముందు మీ కళ్ళు చూసుకోండి" అని భర్తను పరీక్ష కుర్చీలో కూలేసి, అరలోని అద్దాలు ఒక్కొక్కటే ఆయన కళ్ళకు పెట్టింది. ఊరందరి చూపూ సరిచేసిన మనిషి, తను మాత్రం పెళ్ళికి ముందు బిగించుకున్న జోడే ఇన్నాళ్ళూ మోశాడు.

ఓ అద్దం పెట్టగానే ఆయన కొట్టంతా కలియజూశాడు.

"ఇదా నువ్వు చేసింది?"

"అవును మావయ్యా."

"వీధి వెలుతురంతా లోపలికొచ్చి కూర్చుందే! ఆ గీకుడు ఆపవయ్యా."

తరవాత భార్యవైపు తిరిగి చాలాసేపు చూశాడు.

"ఏమే, నీ జుట్టు ఎప్పుడు నెరిసింది?"

"మీరు కొట్లో ఉన్నప్పుడు."

అద్దంలోంచి అంతా చూసిన జనం, తమకూ అలా పెట్టి చూడమని వరస కట్టారు. ముందు మీసంలేని మాస్టారు. మర్నాడు తలుపుకు పిడి వచ్చింది, గుమ్మడిపండు రంగుది.

ఇట్లు, కళ్ళజోళ్ళ కొట్టు అత్తగారు, వయసు డెబ్బై నాలుగు. ఆయన పోయాక, అల్లుడు కట్టిన ఇంట్లోనే ఉంటున్నాను. వస్తే బయటినుంచి కేకెయ్యండి, తలుపెక్కడో నేనే చెబుతాను.