ముప్ఫై గంటల మౌస్

"ముప్ఫై ఆరేళ్ళు హెడ్మాస్టరు గిరీ చేసినవాణ్ణి. ఇప్పుడు సబ్బుబిళ్ళ రుద్దుతూ కూర్చోమంటావా?" అని ప్రసాదరావు ఆ పొద్దున అప్పటికి మూడోసారి అన్నారు.

"మోకాళ్ళ నొప్పులతో మూడు రోజుల్నించీ నేను రుద్దట్లేదాండీ? కాసేపు నడుం వాల్చనివ్వండి" అంది హన్నమ్మ మంచం మీంచి.

సబ్బుబిళ్ళ అంటే వైర్‌లెస్ గేమింగ్ మౌస్. ఏలూరులో జూనియర్ కాలేజీ పిల్లలకి కంప్యూటర్లు చెప్పే వాళ్ళబ్బాయి అజయ్‌కి, దాన్ని పరీక్షించి రాయమని హైదరాబాదు పత్రికవాళ్ళు పంపారు. అతని పేరు అచ్చులో రావడం ఇదే మొదలు. ఒకసారి ఛార్జి చేస్తే ముప్ఫై గంటలు పనిచేస్తుందని కంపెనీ మాట. అది నిజమో కాదో, సాఫ్ట్‌వేర్ చూపించే బ్యాటరీ శాతాలు నమ్మవచ్చో లేదో తేల్చాలి. ఛార్జి అయిపోవస్తే మౌస్ మీద ఎర్రలైటు కొట్టుకుంటుంది. ఐదు నిమిషాలు కదపకపోతే మౌస్ నిద్రపోతుంది, లెక్క చెడుతుంది. అజయ్ కాలేజీకి వెళ్ళినప్పుడు ఇంట్లో ఎవరో ఒకరు కదుపుతూ ఉండాలి.

ఆ శనివారం బయల్దేరుతూ అజయ్ వరండాలోంచి ఎడిటర్‌కి ఫోన్ చేశాడు. "ఇవాళ సాయంత్రం దాటదండి. పొద్దుట్నించీ కొట్టుకుంటోంది. కదపకపోతే నిద్రలోకి జారిపోతోంది. పోగానే మీకు రాసి పంపేస్తాను."

గోడవతల బట్టలారేస్తున్న దానమ్మ చేతిలోంచి తడిచీర జారి మట్టిలో పడింది. కిటికీలోంచి చూస్తే మంచం మీద హన్నమ్మ, కళ్ళు మూసుకుని.

పదకొండింటికల్లా గొలుసు ప్రార్థన ఖాయమైంది. గంటకొకరు చొప్పున, తెగకుండా, సాయంత్రం దాకా. పేర్లు రాసిన కాగితంతో దానమ్మ, పాస్టర్ ఆనంద్ పాల్ గారు, మరో నలుగురు ఆడవాళ్ళు వచ్చేసరికి హన్నమ్మ కుర్చీలో కూర్చుని, ఒక చేత్తో మౌస్ తిప్పుతూ రెండో చేత్తో జంతిక నములుతోంది.

"లేచావేంటి వదినా! సాయంత్రం దాటవని మీవాడే అంటుంటే విన్నాను!"

"నేనా?"

"పోగానే రాసి పంపేస్తానని కూడా అన్నాడు!"

హన్నమ్మ చేతిలోకి చూసుకుంది. "పోయేది నేను కాదు వదినా, ఇది."

పేర్లు రాసేశారు, గంటలు పంచేశారు, ఇప్పుడు ఊరికే వెనక్కి వెళ్ళడం ఎవరికీ బాగనిపించలేదు.

"తెగకుండా చూడటమే కదండీ, మాకలవాటే" అంటూ పాస్టర్ గారు మొదటి గంటకి తనే కూర్చున్నారు.

ఐదింటికి అజయ్ వచ్చి తెర చూశాడు. నూరు శాతం.

"మూడే ఉండేది బాబూ" అంది దానమ్మ, ముఖం వెలిగిపోతుండగా. "నా గంటలో లేచింది. దేవుడి కార్యం!"

అజయ్ వంగి చూశాడు. మౌస్ నుంచి కంప్యూటర్ వెనక్కి సన్నటి వైరు పోతోంది.

"ఇదెవరు తగిలించారండీ?"

"నేనే. ఎర్రలైటు అలా కొట్టుకుంటుంటే మనిషన్నవాళ్ళు చూస్తూ ఊరుకుంటారా బాబూ?"

అజయ్ ఎడిటర్‌కి మళ్ళీ ఫోన్ చేశాడు. "పోలేదండి. బతికింది." చివరికి గురువారం దాకా గడువు దొరికింది. అదీ తప్పితే ఇంకొకరి చేత రాయిస్తారట.

అన్నాల దగ్గర హన్నమ్మ మెల్లిగా చెప్పింది. "సోమవారం నుంచి మళ్ళీ మొదలు. మూడు రోజులకీ దానమ్మ కాగితం రాసేసింది. వైరు మాత్రం నా బీరువాలో ఉంటుంది. మధ్యాహ్నం రెండు నుంచి మూడు ఎవరికీ కుదరలేదు, మీ పేరు రాయించానండీ."

అది ప్రసాదరావు నిద్రపోయే గంట. ఆయన మజ్జిగ ముద్ద మింగి, సబ్బుబిళ్ళని ఏ చేత్తో పట్టుకోవాలని అడిగారు.