బోధనోపకరణం పర్వతాలు

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు సికింద్రాబాదులోని ఒక సర్కారు దవాఖానాలో అవినీతిని కూకటివేళ్లతో పెకలించారు. ఆ అవినీతి పేరు సిస్టర్ డోరా.

ఆమె ఉదయం మగవాళ్ల వార్డులో కట్లు కట్టేది. మధ్యాహ్నం అదే ఆవరణలోని నర్సుల బడిలో పన్నెండుమంది అమ్మాయిలకు కట్లు కట్టడం నేర్పేది. ఆరేళ్లుగా సాగుతున్న ఈ ఘోరం పాత ప్రభుత్వం కంట పడలేదు. మద్రాసు నుంచి కొత్తగా వచ్చిన పరిపాలనాధికారి మధుసూదన్ గారి కంట పడింది. ఆయన పంపిన వివరాల పత్రంలో డోరా స్వహస్తాలతో రాసి ఇచ్చింది: "పొద్దున ప్రాక్టీసు, మధ్యాహ్నం టీచింగు."

ప్రాక్టీసు అంటే డాక్టర్లు సాయంత్రాలు ఇంటి ముందు బోర్డు కట్టి చేసుకునేదని ఆయనకు తెలుసు. సర్కారు ఉద్యోగులకు అది నిషేధమనీ తెలుసు.

"ఎక్కడ చేస్తున్నారమ్మా ఈ ప్రాక్టీసు?"

"ఇక్కడనే సర్, మన వార్డుల."

"సర్కారు మంచాల మీదే! ఎంత ధైర్యం!"

ఆ రోజే ఉత్తర్వు వెలువడింది. బోధకురాలు రోగిని తాకరాదు. తాకినచో ఉద్యోగము పోవును.

బడి వదిలేద్దామంటే వేరే టీచరు లేదు. అమ్మాయిలు చదువు ఆపి ఇళ్లకు పోవాలి. వార్డు వదిలేద్దామంటే ఏడో మంచం మీద పర్వతాలు ఉన్నాడు. స్టేషను హమాలీ. ట్రంకుపెట్టె పడి కాలు చితికింది. రోజూ పుండు కడిగి కట్టు మార్చకపోతే మోకాలి కింద తీసేయాలని డాక్టరు చెప్పాడు. వార్డులో మిగిలిన ఒక్క నర్సుకు అరవై మంచాలు.

డోరా ఉత్తర్వును మూడుసార్లు చదివింది. రోగిని తాకరాదన్నారు. బోధనోపకరణాలను తాకరాదనలేదు. బడి స్టాకు రిజిస్టరు తెరిచి, అస్థిపంజరం ఒకటి, పటాలు నాలుగు అని ఉన్నచోట కింద "కాలు, పుండుతో సహా, ఒకటి" అని చేర్చింది. కాలు ఒంటరిగా రాదు కనుక పర్వతాలు కూడా బడికి వచ్చి అస్థిపంజరం పక్కన చేరాడు.

"ఏంది సిస్టరమ్మా, నన్ను గీ బొక్కల బొమ్మ పక్కన వెట్టినవ్?"

"ఊకో పర్వతాలూ. ఇయ్యాల్టి సంది నువ్వు సామాను."

"జిందగంత సామాను మోసిన. ఆఖరికి నేనే సామానైతినా!"

రోజూ పాఠం జరిగింది. అమ్మాయిలు వంతులవారీగా పుండు కడిగారు. తనిఖీకి వచ్చిన మధుసూదన్ గారు, ఉపకరణాలను ఇంత శుభ్రంగా ఉంచే బడి సంస్థానంలో మరొకటి లేదన్నారు. "ప్రాక్టీసు మానగానే బోధన ఎలా వెలిగిందో చూశారా!" అని ఉపన్యసించారు. ఉపకరణం కూడా చప్పట్లు కొట్టింది.

ఆరు వారాలకు కాలు నిలిచింది. పర్వతాలు ఇంటికి బయలుదేరితే స్టాకు గుమాస్తా సదాశివ గేటు దగ్గర ఆపాడు.

"సామాను బయటికి పోవాలంటే కండెమ్ చెయ్యాలె. పనికిరావని కాయితం తేపో."

"మంచిగ నడుస్తున్న గదయ్యా!"

"అదే తక్లీఫు."

ముగ్గురు సభ్యుల సంఘం కూర్చుంది. పర్వతాలును నడిపించి, ఉరికించి, మెట్లెక్కించి చూసింది. పుండు పూర్తిగా మానిపోయినందున సదరు కాలు ఇక ఎందుకూ పనికిరాదని ఏకగ్రీవంగా ధ్రువీకరించింది. పర్వతాలు ఆ కాయితం పట్టుకుని, ఆ పనికిరాని కాలితోనే రాంగోపాల్‌పేట్ దాకా నడిచి వెళ్లాడు.

డోరా నేటివరకు ఉత్తర్వు మీరలేదు. ఒక్క రోగిని తాకలేదు. ఉపకరణాలు మాత్రం ఒకటి తర్వాత ఒకటి నయమైపోయి నిరుపయోగమవుతున్నాయి. సంగతి ఊళ్లో పొక్కింది. పద్మారావు నగర్ పెద్దమనుషుల సిఫారసు ఉత్తరాలు మధుసూదన్ గారి బల్ల మీద పేరుకుంటున్నాయి. తమవాణ్ణి మనిషిగా చేర్చుకోవద్దని, దయచేసి సామానుగా రాసుకోమని.

నవ్వొస్తే నవ్వండి. కాని మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు మీరు రాయించే ఉత్తరమూ ఇదే.