గాసి గారి అభిరుచులు

మనిషికి ఏం కావాలో మనిషిని అడిగి తెలుసుకునే అనాగరిక యుగం ముగిసిందని 'మనసెరుగు' స్టోర్ వారు ప్రకటించారు. కంప్యూటర్‌కు కావలసిన ప్రోగ్రాములు దొరికే అంగడి అది. ఇకపై ఎవరికి తగినవి వారికి తానే ఏరి చూపిస్తుంది గనక, పేరు కొట్టి వెతుక్కునే గడిని ఎత్తేశారు. (అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతను కూడా త్వరలో సవరిస్తారని వినికిడి.)

పెదబయలుకు ఎగువన, కొండ మీది హాస్టల్ బడిలో పనిచేసే లిదియా టీచరుకు ఈ నాగరికత చిక్కు తెచ్చిపెట్టింది. పదో తరగతి చదివే కనకకు జ్వరమొచ్చి చూపు పోయింది. తెర మీది పాఠాన్ని తెలుగులో చదివి వినిపించే ప్రోగ్రాం ఆ స్టోర్‌లోనే ఉంది. పాడేరు శిక్షణలో లిదియా దాన్ని కళ్లారా చూసింది. అది దొరికేదాకా సాయంత్రాలు తనే కూర్చుని చదివిపెడుతోంది. వచ్చే నెల ఆమెకు ముంచంగిపుట్టు బదిలీ. పరీక్షలేమో మార్చిలో. ఆమె వెళ్లిపోతే కనకకు చదివి వినిపించే దిక్కు లేదు. బడి కంప్యూటర్‌లోకి ఆ స్టోర్ నుంచి తప్ప ఇంకెక్కణ్ణుంచీ ఏదీ ఎక్కించకూడదని రూలు.

పైగా బడి కంప్యూటర్‌కు స్టోర్‌లో ఉన్న ఖాతా కనక తండ్రి గాసి పేరున ఉంది. అది తెరిచిన రోజున సిగ్నల్ అందిన ఫోను ఊరు మొత్తానికి అతనిదొక్కటే. అప్పట్నుంచీ ఆ కంప్యూటర్ వాడుకునే ఊరివాళ్లందరూ గాసి పేరుతోనే లోపలికి వెళుతున్నారు. పాస్టరు ఐజాక్ కీబోర్డు పాటలు, ఆశా వర్కరు సత్యకుమారి చూసే గర్భిణుల జాగ్రత్తలు, పెద్ద క్లాసు పిల్లల బైకు పందేలు, అన్నీ కలిపి స్టోర్ ఒక మనిషిని తయారుచేసింది. ఆ లెక్కన గాసి గారు ఏడో నెల గర్భిణి, సంగీత ప్రియులు, బైకు పందేల్లో మొనగాడు. కాఫీ తోటలో పనిచేసుకునే అసలు గాసికి ఈ సంగతి చెబితే నెత్తి మీది బుట్ట కిందికి దించాడు.

"నాను దాన్ని ముట్టుకోనేదు కదా టీచరమ్మా. ఏడో నెలంటే మరి, బరువు పన్లు సెయ్యొచ్చేటి?"

లిదియా ఫిర్యాదు పెట్టింది. (ఫిర్యాదు పెట్టే చోటు కూడా స్టోర్ సిఫారసు చేస్తేనే కనపడుతుంది. అదృష్టవశాత్తూ ఆ రోజు చేసింది.) స్టోర్ వారి సిఫారసుల మెరుగుదల విభాగం, కొండ ప్రాంతాల ఉప సంచాలకులు వరహాలరావు గారు స్వయంగా జీపు దిగారు. టీ తాగి, సంగతి విని, చిరునవ్వు నవ్వారు.

"నోటితో చెప్పడం పాత పద్ధతి మేడమ్. మీ అవసరాన్ని బట్టి నడుచుకోండి. స్టోర్ గమనించుకుంటుంది."

"చూపు లేనట్టు నడుచుకోవాలా సార్?"

"కరెక్ట్. కానీ సహజంగా ఉండాలి. నటిస్తే పట్టేస్తుంది."

గాసి గుమ్మంలో నిలబడి వింటున్నాడు. "మూలికలిచ్చే మా దిసారి కూడా సెయ్యి పట్టుకుని, ఏటైంది గుంటా అని అడుగుతాడు బాబూ. ఇదెందుకు అడగదు?"

"అందుకే మీ దిసారి ఇంకా ఈ ఊళ్లోనే ఉండిపోయాడు," అన్నారు ఉప సంచాలకులు.

సరే, నడుచుకున్నారు. తెర వెలుతురు బొత్తిగా తగ్గించారు. గాసి గారికి నిద్ర పట్టడం లేదని గ్రహించిన స్టోర్ జోలపాటల ప్రోగ్రాం చూపించింది. అక్షరాలు అరచేయంత చేశారు. కాన్పు సుఖంగా జరిగినందుకు గాసి గారికి శుభాకాంక్షలు తెలిపి, బిడ్డకు అ ఆలు దిద్దించే ప్రోగ్రాం చూపించింది. చివరికి కనకకు చూపు లేదని డాక్టరిచ్చిన సర్టిఫికెట్‌ను ఫొటో తీసి కంప్యూటర్‌లో పెట్టారు. ఫొటో మసకగా ఉందని, ఫొటోలకు మెరుగులు దిద్దే ప్రోగ్రాం చూపించింది. సిఫారసుల్లో ఆశించినదానికి మించిన మెరుగుదల కనపడిందని వరహాలరావు గారు పైకి రాసి, జీపెక్కారు.

లిదియాకు ఒళ్లు మండిపోయింది. ఏడుపు కూడా వచ్చింది. ఇక ఆ స్టోర్ మొహం చూడకుండా, వెళ్లేలోపు అయినన్ని పాఠాలు అవగొట్టాలని పొద్దున ప్రార్థనకు ముందూ, బడి విడిచాకా కనకను కంప్యూటర్ గదిలోనే కూర్చోబెట్టుకుని పుస్తకం పట్టింది. బడి మొత్తంలో ఆ గదికే తలుపు సరిగ్గా పడుతుంది, బయటి గోల వినపడదు. (గదిలోని మాటలు వినేందుకు స్టోర్ ఎప్పుడో అనుమతి తీసుకుంది. ఇచ్చింది ఐజాక్, గాసి పేరున.) ఆమె గొంతు బొంగురుపోయింది.

"మెల్లగా సదవండి టీచరమ్మా," అంది కనక. "మీ గొంతు పోతే నాకేటీ ఉండదు."

బదిలీ ప్రయాణానికి ముందు రోజు సాంఘికశాస్త్రం సగంలో ఉండగా కంప్యూటర్‌లో గంట మోగింది. తెర నిండా పూలు రాలాయి. వాటి మధ్య అక్షరాలు నిలిచాయి.

'గాసి గారూ, తెలుగు పాఠాలు చదివి వినిపించే చక్కటి గొంతు మీ దగ్గర ఇప్పటికే పనిచేస్తున్నట్టు గమనించాం. అందువల్ల ఆ పని చేసే ప్రోగ్రాంను మీకు ఇక ఎప్పటికీ చూపించం.'

"వచ్చిందేటి టీచరమ్మా?" అంది కనక, కుర్చీ దగ్గరికి జరుపుకుంటూ. "ఏటి రాసుంది?"

లిదియా చదివి వినిపించింది.