నల్ల అంచు కార్డు

ఆ శనివారానికి ఫిర్మాన్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదింటిదాకా నిద్రపోవాలి. మధ్యాహ్నం ఇంత తిని, మూడింటికి ఊరి హాల్లో డ్రమ్స్ వాయించాలి. అయిదింటికి చేతిలో గ్లాసు పట్టుకుని, "ఇంక నావల్ల కాదురా, నన్నొదిలెయ్యండి" అని మిగతా ముగ్గురితో చెప్పెయ్యాలి. ఆరింటికల్లా ఇంటికొచ్చి, ఉన్ని చెప్పులు తొడుక్కుని కుర్చీలో కూలబడాలి. ఆ కుర్చీ కోసమే మిగతావన్నీ.

యాభై మూడేళ్ల ఫిర్మాన్ వారమంతా మోంతారెల్ ఊరి చీజ్ సొసైటీ వ్యాను వేసుకుని కొండల మీద పాలు పోగుచేస్తాడు. ఇరవై ఏడేళ్లుగా శని, ఆదివారాలు 'గ్లా దార్జీల్' అనే డెత్ మెటల్ బ్యాండులో వాయిస్తాడు. ఆ సంగీతంలో పాడేవాడు పాతాళంలోంచి గర్జిస్తాడు, గిటార్లు రంపాల్లా కోస్తాయి, వీటన్నిటి అడుగునా డ్రమ్మరు ఊపిరాడకుండా కొడుతూనే ఉంటాడు. గర్జించేవాడికి పేరొస్తుంది, డ్రమ్మరుకి మణికట్టు నొప్పొస్తుంది.

ఆ నొప్పి చూడటానికే సోమవారం డాక్టరు ఇంటికొచ్చి, శనివారం దాకా ఇల్లు కదలొద్దన్నాడు. ఫిర్మాన్ ఆ మాట మనస్ఫూర్తిగా పాటించాడు. కిటికీ తలుపులు మూశాడు, ఫోన్ కట్టేశాడు, దుప్పటి ముసుగేశాడు. భార్య సొలాంజ్ ఆ సాయంత్రమే బస్సెక్కి చెల్లెలి ఊరు వెళ్లింది.

శనివారం విడుదలయ్యేది తొమ్మిదేళ్ల తర్వాత వస్తున్న వాళ్ల కొత్త రికార్డు, 'ఆఖరి గుప్పెడు మన్ను'. దాన్ని వేసిన కంపెనీ యజమాని మొర్వాన్ స్వయంగా లియోన్ నుంచి వస్తున్నాడు. హాలు నిండితే ముందుకెళ్దాం, నిండకపోతే ఇదే ఆఖరి రికార్డు అని ఆయన ముందే చెప్పేశాడు. సోమవారం నాటికి వస్తామన్నవాళ్లు పదకొండు మంది, అందులో ముగ్గురు పాడేవాడి చుట్టాలు. ఆ లెక్క విన్నప్పుడు ఫిర్మాన్‌కి కడుపులో పాలు పోసినట్టయింది. ఆ సంగతి బయటికి చెప్పలేదనుకోండి.

శనివారం పొద్దున ఎనిమిదింటికి తలుపు గంట మోగింది. తిట్టుకుంటూ లేచి తలుపు తీసేసరికి ఎవరూ లేరు. గుమ్మంలో మూడు చేమంతి కుండీలున్నాయి. వాటి పక్కన గుడ్డ కప్పిన పెద్ద పళ్లెం, అందులో ఆవిర్లు కక్కుతున్న త్రుఫాద్, అంటే తరిగిన బంగాళాదుంపలూ చీజూ కలిపి వేయించింది.

ఫిర్మాన్ కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లకి ఊరికి వాళ్ల సంగీతం విలువ తెలిసింది! ఆ ఊళ్లో చేమంతులు సమాధుల మీద తప్ప ఎవరూ పెట్టరు, అలా పెట్టే పెద్దల పండగ వెళ్లి వారమే అయింది. అయినా అతనికి అనుమానం రాలేదు. డెత్ మెటల్ రికార్డుకి గులాబీలు తెస్తారా, తగిన పూలే తెచ్చారు అనుకున్నాడు. త్రుఫాద్ సగం తిన్నాడు. కాస్త ఉప్పు తక్కువైంది.

పదింటికి చర్చి గంట మొదలైంది. ఆగి ఆగి ఒక్కో దెబ్బ. అది చావు గంట. ఎవరు పోయారో పాపం అనుకుంటూ, వాన పడుతోంది కాబట్టి టోపీ ఉన్న వానకోటు ముక్కుదాకా లాక్కుని, రొట్టె కోసం బయల్దేరాడు.

మోంతారెల్‌లో ఎవరు పోయినా ఆ కబురు నల్ల అంచు కార్డు మీద అచ్చవుతుంది. ఆ కార్డు ఒదీల్ రొట్టెల దుకాణం అద్దానికి, కుడివైపు మూల అంటిస్తారు. రొట్టె కొన్నవాడల్లా చావు కబురు కూడా పట్టుకెళ్తాడు. ఫిర్మాన్ ఆ మూలకి చూశాడు.

"తీవ్ర విచారంతో తెలియజేయునది. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు, ఊరి హాలులో, ఆఖరి గుప్పెడు మన్ను. తదుపరి అందరికీ తలా ఒక గ్లాసు వైను. ఇట్లు, ఎవ్రార్ మొంతేయ్, గిస్లాన్ రూర్, లూసియాన్ అస్త్రుక్."

ఇది వాళ్ల కార్డే! రికార్డుకి తగ్గట్టు చావు కార్డులా ఉండాలని పాడే ఎవ్రార్ పట్టుబట్టాడు. కట్ట తీసుకెళ్లి ఒదీల్‌కి ఇచ్చింది ఎవ్రార్ వాళ్లమ్మ. నల్ల అంచు కనబడగానే ఒదీల్ ఎప్పుడూ అంటించే చోటే అంటించింది. ఆవిడ తప్పేమీ లేదు. ఫిర్మాన్ మళ్లీ చదివాడు. బ్యాండులో ఉన్నది నలుగురు. కార్డు మీద పేర్లు మూడు.

లోపల వరసలో నిలబడిన ఆడవాళ్లు మాట్లాడుకుంటున్నారు. అతను గోడకి తిరిగి నిలబడ్డాడు.

"ఆ ముగ్గురి పేర్లూ ఉన్నాయి, ఇతని పేరు లేదు. అంటే పోయింది ఇతనేగా!"

"సోమవారం డాక్టరు వాళ్లింట్లోంచి రావడం నా కళ్లతో చూశానమ్మా. తల అడ్డంగా ఊపుకుంటూ వచ్చాడు."

"వారం నుంచి కిటికీలు మూసే ఉన్నాయి."

"మరి సొలాంజ్ పేరు వెయ్యలేదేం?"

"ఎందుకేస్తుంది? ఆ గోల పడలేకపోతున్నానని ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉందిగా," అంది ఒదీల్ రొట్టెలు చుడుతూ. "ఎంతైనా మంచివాడు. ఒక్కనాడూ చిల్లర లేకుండా రాలేదు."

ఫిర్మాన్ రొట్టె కొనకుండా సందుల్లోంచి ఇల్లు చేరాడు. చచ్చిపోయాననుకున్నందుకు అతనికి పెద్దగా బాధ లేదు. పేరు వెయ్యనందుకు మాత్రం చాలా బాధగా ఉంది. అయిదు రోజుల తర్వాత ఫోన్ తెరిచాడు.

"ఒరేయ్ ఎవ్రార్, నేను చచ్చిపోయానట."

"తెలుసురా!" అన్నాడు ఎవ్రార్. వారమంతా చిన్నపిల్లల బడిలో పాటలు నేర్పే మనిషి, గొంతు తేనెలా ఉంటుంది. "పొద్దుట్నుంచీ ఫోన్లే ఫోన్లు. రెండు వందల మంది వస్తార్రా! కుర్చీలు చాలవని మేయర్ గారు పక్కూరి నుంచి తెప్పిస్తున్నారు."

"నా పేరెందుకు లేదు?"



"రికార్డు అట్ట మీద ఫోటో చూస్తూ రాశాన్రా పేర్లు. నువ్వు వెనకాల పొగలో ఉన్నావు. కనబడలేదు."

"ఇరవై ఏడేళ్లురా!"

"తప్పేరా. తిట్టు. కానీ మొర్వాన్ బయల్దేరిపోయాడు. ఇప్పుడు నువ్వు వీధిలోకొచ్చి బతికున్నానంటే అందరూ ఇళ్లకి పోతారు, హాల్లో పదకొండు మంది మిగుల్తారు. అయిదింటిదాకా, ఒక్క అయిదింటిదాకా చచ్చి ఉండరా నాయనా."

ఫిర్మాన్ ఆలోచించాడు. హాలు నిండితే వాళ్ల బ్యాండు నిలబడుతుంది. నిలబడిన బ్యాండుకి ఇంకో డ్రమ్మరు దొరక్కపోడు. అయిదింటికి తను నిశ్చింతగా తప్పుకోవచ్చు. పైగా ఎదురుతిరగడానికి ఓపిక లేదు. "సరే, ఉంటాను," అన్నాడు.

ఫోన్ పెట్టేసరికి వీధి తలుపు దభాలున తెరుచుకుంది. సొలాంజ్! చేతిలో పెట్టె, చంకలో ఇంకో చేమంతి కుండీ.

"ఏమయ్యా, నువ్వు పోయావని నాకు బస్‌స్టాపులో చెప్పారు. దిగీ దిగ్గానే ఏడుగురు కౌగిలించుకున్నారు. ఒక్క ఫోన్ కొట్టలేవూ?"

"ఏమని కొట్టను? పోయానని కొట్టనా?"

"ఎర్ర కోటేసుకుని దిగాను. భర్త పోతే ఎర్ర కోటా అని ఆ పోస్టాఫీసావిడ నన్ను కిందా మీదా చూసింది." అంతలో ఆవిడ కళ్లు బల్ల మీదికెళ్లాయి. "ఇదేంటి, ఫెరోల్ మామ్మ పళ్లెమా? నీ చావు తిండి నువ్వే తింటున్నావా?"

సంగతంతా విన్నాక ఆవిడ నెత్తి కొట్టుకుంది. కానీ లోపలికెళ్లి నల్ల గౌను తీసి ఇస్త్రీ చేసుకుంది. మేయర్ గారు ముందు వరసలో కుర్చీ వేయించారట, వెళ్లకపోతే బాగుండదు.

మూడింటికి హాలు కిటకిటలాడిపోయింది. అందరూ నల్ల బట్టల్లో ఉన్నారు. వేదిక నిండా పూల చక్రాలు. మొదట్నుంచీ రావాలనుకున్న పదకొండు మందీ ఎప్పటిలాగే నల్ల బట్టల్లో వచ్చారు కాబట్టి ఎవరు ఎందుకొచ్చారో పోల్చుకోవడం కష్టం. మూడో వరసలో కూర్చున్న మొర్వాన్ కళ్లు ఇంతింత చేసుకుని చూస్తున్నాడు. వేదిక వెనకవైపు పొగ యంత్రం దట్టంగా పొగ వదులుతోంది. ఆ పొగలో, వానకోటు టోపీ కిందికి లాక్కుని, ఫిర్మాన్ తన డ్రమ్స్ వెనక కూర్చున్నాడు. ఎవరూ అటు చూడలేదు. ఇందులో కొత్తేమీ లేదు.

మేయర్ గారు మైకు ముందుకొచ్చారు. "ఫిర్మాన్ మన ఊరి గుండె చప్పుడు," అన్నారు. ఫిర్మాన్ కర్రలు ఒళ్లో పెట్టుకుని ముందుకి వంగాడు. బతికుండగా ఒక్కరూ అతని గురించి ఇంత మాట అనలేదు. "ఆయన గిటారు వాయిస్తుంటే..." అన్నారు మేయర్ గారు, కన్నీళ్లు తుడుచుకుంటూ. ఫిర్మాన్ వెంటనే కర్రలు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాత ఎవ్రార్ నోరు తెరిచాడు. మొదటి గర్జనకి నాలుగో వరసలో ఒక పెద్దాయన కర్ర కిందపడింది. కానీ ఒక్కరూ లేవలేదు. చావుకెళ్లి మధ్యలో లేచి రావడం మోంతారెల్‌లో మర్యాద కాదు. చెవులు మూసుకోవడం కూడా మర్యాద కాదు కాబట్టి, ఏడుస్తున్నట్టుగా రుమాళ్లు మొహమంతా అడ్డం పెట్టుకున్నారు. "ఎంత బాధపడుతున్నాడో చూడు, స్నేహితుడు పోతే ఆ మాత్రం ఉండదూ," అన్నారెవరో ఎవ్రార్‌ని చూసి.

నాలుగో పాటకీ అయిదో పాటకీ మధ్య నిశ్శబ్దంలో, ముందు వరసలోంచి ఫెరోల్ మామ్మ గొంతు ఖంగుమంది. మామ్మకి చెవుడు, చెవిలో చెప్పాననుకుని ఊరంతటికీ చెబుతుంది.

"డ్రమ్ములకి ఎవర్నో తెచ్చి కూర్చోబెట్టార్లే సొలాంజ్. మన ఫిర్మాన్ కాలిగోటికి చాలడు వీడు!"

ఫిర్మాన్ పళ్లు కొరికాడు. ఆవిడ అతని వాయింపు జన్మలో వినలేదు. పోయాడన్నారు, పోనీ అనుకున్నాడు. గిటారన్నారు, సరే అనుకున్నాడు. కానీ తనకంటే తనే బాగా వాయించేవాడంటే ఎలా ఊరుకుంటాడు? అయిదో పాట అందుకున్నాడు. మణికట్టు మరిచిపోయాడు, కుర్చీ మరిచిపోయాడు, అయిదింటికి చెప్పాల్సిన మాట కూడా మరిచిపోయాడు. ఇరవై ఏడేళ్లలో అంత బాగా ఎన్నడూ కొట్టలేదు. ఎవ్రార్ పాడటం ఆపి వెనక్కి తిరిగి చూశాడు. ఆఖరి దెబ్బకి పెద్ద ఇత్తడి సింబల్ స్టాండుతో సహా పొగ యంత్రం మీద పడింది. యంత్రం దగ్గి, ఆగిపోయింది. పొగ విడిపోయింది. టోపీ ఎప్పుడు జారిందో జారింది.

హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. పోస్టాఫీసావిడ శిలువ గుర్తు వేసుకుంది.

"ఫిర్మానే!" అంది ఫెరోల్ మామ్మ. "అదీ, అలా కొట్టాలి!" తర్వాత ఒక్క క్షణం ఆలోచించి, "నా పళ్లెం ఎప్పుడిస్తావురా?" అంది.

మొర్వాన్ లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. ఆయన కళ్లలో నీళ్లు. ఆ తర్వాత పదకొండు మందీ లేచారు. వైను ఎలాగూ పోస్తారని గుర్తొచ్చి మిగతావాళ్లూ లేచారు.

అయిదింటికి ఫిర్మాన్ గ్లాసు చేతిలోకి తీసుకుని గొంతు సవరించుకున్నాడు. "మీకో మాట చెప్పాలి..."

"నేను ముందు చెబుతాను," అన్నాడు మొర్వాన్ అతని రెండు భుజాలూ పట్టుకుని. "ముప్పై ఏళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. డ్రమ్మర్ చావు, ఊరంతా పూలతో రావడం, ఆ ముసలావిడ నటన, చివర్లో మీరు చావులోంచి లేవడం! ఇలాంటి ఏర్పాటు నేనెక్కడా చూడలేదు. ముప్పై రెండు ఊళ్లు తిప్పుతాను. ప్రతి ఊళ్లోనూ ఇదే. మీరు లేకపోతే మాత్రం ఏమీ లేదు."

ఎవ్రార్ కన్నీళ్లు పెట్టుకుని ఫిర్మాన్‌ని కావలించుకున్నాడు. ఫిర్మాన్ ఆ భుజం మీదుగా ఆఖరి ఆశతో సొలాంజ్ వైపు చూశాడు. ఈ గోల మానమని ఇరవై ఏళ్లుగా పోరుపెట్టింది ఆవిడేగా.

"ముప్పై రెండు ఊళ్లా?" అంది సొలాంజ్. "వెళ్లవయ్యా, హాయిగా వెళ్లు. నువ్వు వారం రోజులు ఇంట్లో ఉంటావనేగా నేను మా చెల్లెలి దగ్గరికి పారిపోయింది."

నెల తిరక్కుండా కొత్త కార్డులు అచ్చయి వచ్చాయి. నల్ల అంచు అలాగే ఉంచారు. ఈసారి ఫిర్మాన్ పేరు అందరికంటే పైన, అందరికంటే పెద్ద అక్షరాల్లో వేశారు, 'ఇట్లు' కింద మాత్రం కాదు, పోయినవాడి చోట.