రాజధాని ఒక్క రోజులో, చెప్పులతో సహా

డ్రైవరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యడం లేదు. గైడు బస్సు మెట్టు మీద నిలబడి ఎర్రజెండా ఊపుతున్నాడు. తోటి ప్రయాణికులు కిటికీల్లోంచి తలలు బయటపెట్టి మా కుటుంబాన్ని మొత్తంగానూ, నన్ను విడిగానూ తిడుతున్నారు. పెద్ద ప్రార్థనామందిరం మెట్ల కింద మా అందరి చెప్పులూ వరసగా ఉన్నాయి. వాటికి కాపలా ఉండాల్సిన మా అత్తగారు మాత్రం లేరు!

ఇంత ప్రమాదంలోనూ నా అభిప్రాయం మారలేదని సవినయంగా మనవి చేస్తున్నాను. రాజధాని నగరాన్ని ఒక్క రోజులో చూపించేసే టూరిస్టు బస్సు మానవజాతికి దొరికిన వరం!

కాదంటారా? అయితే వినండి.

పొద్దున్నే మమ్మల్ని కోటకి తీసుకెళ్లారు. ఆ కోటని శత్రుసైన్యాలు నెలల తరబడి ముట్టడించినా లోపలికి అడుగు పెట్టలేకపోయాయట. మేమో? గైడు ఆ కోట కట్టించిన రాజుగారి పేరు పూర్తి చేసేలోపు ఒక ద్వారంలోంచి దూరి ఇంకో ద్వారంలోంచి బయటపడ్డాం. ఆ సేనాపతులకి లేనిదీ, మాకు ఉన్నదీ ఏమిటి? టూరు ప్యాకేజీ!

తర్వాత సమాధులు. పాలరాతి మీద చెక్కిన లతల్ని చూస్తూ ఒకావిడ రెప్పవెయ్యడం మర్చిపోయింది. గైడు వెంటనే అప్రమత్తమయ్యాడు. "కదలండమ్మా, కదలండి! లోపల పడుకున్న పెద్దాయన ఎక్కడికీ పోడు. బస్సు పోతుంది!" అన్నాడు. చరిత్రకీ వర్తమానానికీ ఉన్న తేడాని ఇంత క్లుప్తంగా ఏ ప్రొఫెసరు చెప్పగలడు?

కట్టడాన్ని తీరిగ్గా నిలబడి చూడాలనే పాతకాలపు మూఢనమ్మకం కూడా ఈ బస్సు వల్లే పోయింది. కట్టడం మన వెనకాల ఉంటేనే కదా ఫొటోలో పడేది! ఎదురుగా ఉంటే ఏం లాభం? ఆ రోజంతా నేను రాజధానికి వీపు చూపిస్తూనే ఉన్నాను. నా వీపు చూసినన్ని శిల్పాలు ఇంకెవరి వీపూ చూసి ఉండదు.

మధ్యాహ్నానికి రాజులు కాస్త కలగాపులగం అయిన మాట నిజమే. మా తోడల్లుడు పళ్ల డాక్టరు. కోటలో ఉన్న రాణిగారిని తీసుకెళ్లి గడియారస్తంభం కట్టించిన దొరగారికిచ్చి పెళ్లి చేసేశాడు. అయితే మాత్రం ఏమైంది? ఇద్దరిలో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

అసలు గొప్పదనం ప్రార్థనాస్థలాల దగ్గర బయటపడింది. మా బస్సుకి అన్ని మతాలూ సమానమే! ఏ మందిరమైనా సరే, పరుగున వెళ్లడం, ఫొటో తీసుకోవడం, దేవుడు "ఏం కావాలి నాయనా" అని అడిగేలోపు పరుగున వచ్చెయ్యడం. ఇంతటి నిష్పక్షపాతం ఎక్కడైనా చూశారా?

ఒక్కటే ఇబ్బంది. ప్రతి మందిరం దగ్గరా చెప్పులు విప్పాలి. వందల జతల గుట్టలోంచి మన జతని వెతుక్కునే వ్యవధి బస్సు ఇవ్వదు. అందుకని మా కుటుంబంలో ఒక శాస్త్రీయమైన పద్ధతి ఏర్పడింది. ఒక మనిషి చెప్పులు, సంచులు, నీళ్ల సీసాలు ముందు పెట్టుకుని బయట కూర్చోవాలి. మిగతావాళ్లు చూసి రావాలి.

ఆ మనిషి మా అత్తగారు. ఆవిడ బళ్లో చరిత్ర చెప్పి రిటైరైన టీచరు. ఈ నగరంలోని ప్రతి రాయి గురించీ ఆవిడకి కంఠతా వచ్చు. మీరే చెప్పండి, తెలియనివాళ్లు చూడాలి గానీ తెలిసినవాళ్లకి చూడాల్సిన పనేముంది?

అయితే ఆవిడకో కోరిక ఉంది. చివర్లో చూడబోయే పెద్ద మందిరం గురించి ఆవిడ ఏటా పాఠం చెప్పేవారు. లోపల ఒక మూల గోడకేసి తిరిగి మెల్లగా మాట్లాడితే, ఎదుటి మూల గోడకి చెవి ఆనించినవాళ్లకి స్పష్టంగా వినపడుతుందట. ప్రతి క్లాసులోనూ ఎవడో ఒకడు లేచి, "మీరు విన్నారా టీచర్?" అనేవాడట. "పుస్తకంలో ఉందిరా, కూర్చో" అనేవారట ఈవిడ. ఆ ప్రశ్న ఆవిడని ఉద్యోగం ఉన్నంతకాలం గుచ్చింది. "ఒక్కసారి నా చెవులతో విని వస్తే చాలు. నేను పిల్లలకి అబద్ధం చెప్పలేదని తేలిపోతుంది" అంటూ బయల్దేరారు.

బస్సులో గైడు చల్లగా ఇంకో కబురు చెప్పాడు. మరమ్మతుల కోసం రేపటి నుంచి ఆ మందిరం మూసేస్తారు. మళ్లీ ఎప్పుడు తెరుస్తారో దేవుడికే తెలియాలి.

మందిరం మెట్ల దగ్గర అత్తగారు అందరికంటే ముందు చెప్పులు విప్పారు. అలవాటు ప్రకారం మా చెప్పులన్నీ ఆవిడ ముందు వచ్చి పడ్డాయి. "ఇలా వెళ్లి అలా వచ్చేస్తాం. తర్వాత మీరు వెళ్దురుగాని" అనే మాట కూడా అలవాటు ప్రకారమే వినపడింది. మేం ఫొటోలు ముగించుకుని వచ్చేసరికి హారన్ మొదలైంది. అత్తగారు మాయం!

"సార్, తిరుగు ప్రయాణానికి టైమైపోతోంది!" అన్నాడు గైడు. "మీ ఒక్కరి కోసం బస్సు ఆపలేను."

"ఒక్క నిమిషం. ఇది ఆలోచించాల్సిన విషయం" అన్నాను.

"మా అమ్మ కనపడకపోతే ఆలోచన ఏంటండీ! వెళ్లి వెతకండి!" అంది నా భార్య.

తోడల్లుడు వంగి చూశాడు. "అన్నయ్యా, ఆవిడ చెప్పులు కూడా ఇక్కడే ఉన్నాయి."

కేసు తేలిపోయింది! ఈ ఎండలో ఉత్తకాళ్లతో మనిషి ఎక్కడికి పోతుంది? లోపలికే! నేను మెట్లెక్కి పరుగెత్తాను.

లోపల కాపలాదారు తాళాలగుత్తి గలగలలాడిస్తూ జనాన్ని బయటికి పంపిస్తున్నాడు. ఆ పెద్ద గుమ్మటం కింద, దూరంగా ఒక మూల, అల్లరి చేసి శిక్ష పడిన పిల్లలా గోడకేసి తిరిగి నిలబడి ఉన్నారు మా అత్తగారు. ఏదో మాట్లాడుతున్నారు.

"ఎవరితో మాట్లాడుతున్నారు అత్తయ్యగారూ? బస్సు వెళ్లిపోతోంది!"

ఆవిడ తిరిగి చూశారు. కళ్లలో నీళ్లు ఇంకా రాలేదు, వచ్చే ప్రయత్నంలో ఉన్నాయి.

"గోడతోనండీ. చెప్పడానికి నేనున్నాను. వినడానికి అవతల మూల ఒక మనిషి ఉండొద్దూ? ఎంతమందిని అడిగానో! ఒక్కళ్లూ ఆగరే. అందరికీ ఫొటోలే."

బయట హారన్. లోపల తాళాలు. ఏం చెయ్యాలి?

నేను ఎదుటి మూలకి పరుగెత్తి గోడకి చెవి ఆనించాను. చల్లటి రాయి, నిశ్శబ్దం. అంతలో, నా చెవి పక్కనే కూర్చుని చెప్పినట్టుగా, మెత్తటి గొంతు వినపడింది.

"వినపడుతోందా?"

"వినపడుతోంది అత్తయ్యగారూ!" అని గోడతోనే చెప్పాను.

అవతల మూల ఆవిడ గోడని గట్టిగా కౌగిలించుకున్నారు. "నిజమేరా వెధవల్లారా! విన్నాను!" అన్నారు. అది నన్ను కాదు, అన్నేళ్ల పిల్లలందర్నీ కలిపి.

ఈలోగా మమ్మల్ని తిట్టడానికి వచ్చిన గైడు జెండా చంకలో పెట్టుకుని నా పక్కన గోడకి చెవి ఆనించాడు. "రోజూ చెప్తాను సార్ ఈ సంగతి. వినడం ఇదే మొదటిసారి. ఎప్పుడాగనిచ్చారు నన్ను?" అన్నాడు. పళ్ల డాక్టరు ఇంకో చెవి పెట్టాడు. కాపలాదారు తాళాలు జేబులో వేసుకున్నాడు. నా భార్య వచ్చింది. హారన్ కొట్టి కొట్టి విసిగిన డ్రైవరు కూడా వచ్చాడు. బస్సులో ఉన్నవాళ్లందరూ వచ్చారు. ఆ రోజంతటిలో మేం ఒక కట్టడం దగ్గర ఆగడం అదే మొదలు.

గైడు ఉన్నట్టుండి నాకేసి తిరిగాడు. "ఇంత తెలిసిన మనిషిని పొద్దుట్నుంచి ఒక్కచోటికీ లోపలికి రానివ్వకుండా చెప్పుల దగ్గర కూర్చోబెట్టిందెవరు సార్?"

మంచి ప్రశ్న. అనుమానితులకేం కొదవ? తొందరపెట్టిన గైడు ఉన్నాడు. హారన్ కొట్టిన డ్రైవరు ఉన్నాడు. అందరికంటే బరువైన బూట్లు వేసుకొచ్చిన తోడల్లుడు ఉన్నాడు. నాకు న్యాయం మీద అపారమైన గౌరవం. అందుకని ఆ ప్రశ్నని యథాతథంగా గోడకే అప్పజెప్పాను.

"అత్తయ్యగారూ! మిమ్మల్ని చెప్పుల దగ్గర కూర్చోబెట్టిందెవరో నిర్భయంగా చెప్పండి!"

అందరూ గోడలకి చెవులు ఆనించారు. అత్తగారు కళ్లజోడు సర్దుకున్నారు. మెల్లగా మాట్లాడాలన్న పాఠం మర్చిపోయారు కాబోలు, వెనక బెంచీకి వినపడే గొంతు తీశారు. గుమ్మటం ఆ మాటని అందుకుని, మూలమూలకీ తిప్పి, మెట్ల కింద చెప్పుల దాకా పంపించింది.

"మీరే, అల్లుడుగారూ!"