మొదటి అట్టు

యాభై నిండిన మనిషి ఇంటికి ఆ మనిషినే వారం రోజులు చుట్టంగా పంపడం ఆ ఊరి పురపాలక సంఘంలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. అందుకని మంగళవారం పొద్దున ఆటో ఆగి, అందులోంచి చేతిసంచీతో హైమావతి దిగినప్పుడు, వాకిట్లో ముగ్గు వేస్తున్న హైమావతి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా?" అంది. "ఆ, బాగానే జరిగిందండీ" అంది దిగినావిడ. ఆటో డబ్బులు మునిసిపాలిటీయే ఇచ్చుకుంది.

ఇదంతా ప్రేమల విభాగం పని. ఆ ఆఫీసులో ఒక్కో ప్రేమకు ఒక్కో గది. తల్లిప్రేమ గది ముందు తెల్లారకముందే క్యూ కడతారు. ఆలుమగల ప్రేమ గదికి ఫిర్యాదులే తప్ప దరఖాస్తులు రావు. స్నేహం గదికి వెళ్తే టీ కూడా ఇస్తారు. దేవుడి మీద ప్రేమకు పరీక్షల కాలంలో అదనపు సిబ్బందిని వేస్తారు. చిట్టచివరి గది ఎవరిమీద వాళ్ళకుండే ప్రేమది. దాంట్లోకి ఎవరూ రారు కాబట్టి గుమాస్తాలు క్యారేజీలు అక్కడ పెట్టుకుంటారు. మనుషులు రాకపోతే చుట్టాన్నే ఇంటికి పంపుదామని వెనకటి కమిషనరెవరో ఈ పద్ధతి పెట్టాడు.

నియమం ఒక్కటే. వారం తర్వాత ఇన్‌స్పెక్టరు వచ్చి, ఉంటారా వచ్చేస్తారా అని చుట్టాన్ని అడుగుతాడు. ఉంటానంటే ఇద్దరూ ఒకరైపోతారు. వచ్చేస్తానంటే ఆటో ఎక్కించి తీసుకుపోతారు, మళ్ళీ పంపరు. చుట్టం వెళ్ళిపోయినవాళ్ళకు వచ్చిన నష్టం పైకేమీ కనబడదు. వండుతారు, పెళ్ళిళ్ళకు వెళ్తారు, నవ్వుతారు. మీకేం కూర ఇష్టమని ఎవరన్నా అడిగితే మాత్రం పక్కవాళ్ళ మొహం చూస్తారు. ఆ వీధిలో అలాంటివాళ్ళు ఇంటికొకరున్నారు. అందరూ మంచివాళ్ళే.

హైమావతి భర్త పురుషోత్తానికి ఈ తతంగం నాలుగేళ్ళ కిందటే అయిపోయింది. ఆయన చుట్టం వస్తూనే పడక్కుర్చీలో కూచుని, పేపరు అందుకుని, కాఫీలో పంచదార తక్కువైందన్నాడు. ఆ సాయంత్రానికల్లా ఇద్దరూ కలిసిపోయారు. ఇన్‌స్పెక్టరు వచ్చి చూసుకుని, ఈయనకి వారమెందుకులెమ్మని పోయాడు. ఇద్దరికీ కాఫీ పెట్టింది హైమావతే, అది వేరే సంగతి.

హైమావతి చుట్టం అలా కాదు. కాఫీ ఇస్తే "ఇప్పుడే తాగానండీ" అంది. తాగలేదని హైమావతికి తెలుసు, తనూ తాగలేదు కాబట్టి. అయినా ఆ గ్లాసు తీసుకెళ్ళి పురుషోత్తానికి రెండోసారి ఇచ్చేసింది. ఫ్యాను కిందకు జరగమంటే "ఇక్కడ బాగానే ఉందండీ" అంది, హైమావతి సరేనంది. ఇంటికెవరొచ్చినా వద్దన్నకొద్దీ కొసరి కొసరి వడ్డించే మనిషి, ఈవిడ వద్దంటే మాత్రం మొదటి మాటకే నమ్మేసింది.

అట్లు పోసినప్పుడు మొదటిది పెనానికి అంటుకుని ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఆ ఇంట్లో హైమావతివి. చుట్టం కూడా హైమావతే కదా, కాబట్టి అవి రోజూ ఆవిడ పళ్ళెంలో పడ్డాయి. ఆవిడ "బాగుందండీ" అని తినేసి, పళ్ళెం తనే కడిగిపెట్టేది.

సోమవారం సాయంత్రం చుట్టం చీరలు మడిచి సంచీలో పెట్టుకుంటోంది. హైమావతి గబగబా దగ్గరికొచ్చింది.

"వెళ్ళిపోతారా?"

"మీకెందుకండీ శ్రమ. అసలే బోలెడు పని."

"నేనేమన్నా తక్కువ చేశానా?"

"అయ్యో, లేదండీ. మీతో సమానంగా చూసుకున్నారు."

ఆ మాటకి హైమావతికి ఏడుపొచ్చింది. దారిన పోయేవాళ్ళకైనా ముక్కలైన అట్టు పెట్టని మనిషి తను. ఈవిడేం పాపం చేసింది? ఈవిడ కూడా వెళ్ళిపోతే తనకంటూ ఎవరు మిగులుతారని భయమేసింది. సంచీ మీద చెయ్యేసి చాలాసేపు అలాగే కూచుంది.

మర్నాడు టిఫిన్ వేళకు ఇన్‌స్పెక్టరు ఇమ్మానియేలు వచ్చాడు. వచ్చినవాణ్ణి తినకుండా పంపరు కాబట్టి ఆయనకూ పళ్ళెం పెట్టారు. హైమావతి మొదటి అట్టు పోసింది. అంటుకుంది. ముక్కల్ని అట్లకాడతో పోగుచేసి, కాసేపు చూసి, పేపరు వెనకున్న పురుషోత్తం పళ్ళెంలో వేసింది. రెండోది అంచులు ఎర్రగా లేచి వచ్చింది. అది అల్లప్పచ్చడితో చుట్టం ముందు పెట్టింది. మూడోది ఇన్‌స్పెక్టరుకు.

"తిను" అంది హైమావతి.

"వద్దండీ, మీరు..."

"నా దగ్గర నీకు మొహమాటమేంటే?"

చుట్టం తల వంచుకుని తినడం మొదలుపెట్టింది. కళ్ళు తుడుచుకుంటూనే తింది.

"ఉంటారామ్మా, వచ్చేస్తారా?" అని అడిగాడు ఇమ్మానియేలు.

"ఇంకోటి తిని చెప్తానండీ."

హైమావతి ఇంకోటి పోసింది. అది పూర్తయ్యేసరికి వంటింట్లో ఒక్క హైమావతే ఉంది, మూతికి పచ్చడి అంటుకుని. కడుపు నిండుగా, హాయిగా ఉంది. ఇమ్మానియేలు బయటికి కేకేసి ఆటోను ఖాళీగా పంపేశాడు.

అప్పుడు పురుషోత్తం పేపరు దించి పళ్ళెం చూసుకున్నాడు.

"ఇదేంటి హైమా, ఇవాళ అట్టు ఇలా వచ్చింది?"

"మొదటిది అలాగే వస్తుందండీ."

"మనింట్లో ఎప్పుడూ రాలేదే."

ఇమ్మానియేలు తన పళ్ళెంలో గుండ్రంగా ఉన్న అట్టు కేసి చూసుకున్నాడు.

"మా ఇంట్లోనూ ఎప్పుడూ రాలేదండీ" అన్నాడు.