ఒకటి తీసేస్తే

ఆ ఉదయం ప్రోగ్రామరు అనుకున్నది చిన్న పని. గ్రంథాలయం వెబ్‌సైటు భద్రతను పరీక్షించడానికి వచ్చే అమ్మాయికి పదింటికల్లా అంతా చూపించి పంపించేయడం. సైటు పనికొస్తుందని ఆమె అంటే ఉంచుతారు, లేదంటే మూసేసి కొత్తది కొంటారు. ఇరవై ఏళ్ల కిందట ఆయన ఒక్కడే కూర్చుని రాసిన సైటు అది.

లాగిన్ అయిన ప్రతి సభ్యుడికీ అది ఒక వరుస నంబరు ఇస్తుంది. ఆ తర్వాత ఆ నంబరు చూపిస్తే చాలు, ఎవరని అడగదు. ఆయన తండ్రి కాంపౌండరుగా పనిచేసిన ఆసుపత్రిలో ఇత్తడి టోకెన్లు ఉండేవి. జ్వరంతో బల్ల మీద కూర్చున్నా, చేతిలో పద్నాలుగు ఉంటే అటు పదమూడు, ఇటు పదిహేను ఉన్నారన్న ధైర్యం. సైటు రాసేటప్పుడు ఆయనకు ఆ బల్లే గుర్తొచ్చింది.

పరీక్షకురాలు లాగిన్ అయింది. పేజీ అడ్రసు చివర ఆమె నంబరు, 7310. దాన్ని 7309 చేసింది. లైబ్రేరియన్ పేజీ తెరుచుకుంది. కోపిష్టి మొగుణ్ణి దారిలో పెట్టడం గురించిన పుస్తకం, నాలుగోసారి పొడిగింపు.

"అయ్యో, అది మా చెల్లెలి కోసం!" అంది వెనకే నిలబడ్డ లైబ్రేరియన్.

"మీకు చెల్లెలెక్కడుందండీ?" అనేసి నాలిక్కరుచుకున్నాడు ప్రోగ్రామరు. "ఏదో పొరపాటమ్మా, చూడండి" అంటూ తనే 7308 కొట్టాడు. డైరెక్టరు గారి పేజీ. సమయపాలన మీద ఒక పుస్తకం, పదకొండేళ్లుగా తిరిగి ఇవ్వలేదు.

"అందరూ బయటికొచ్చి మళ్లీ లాగిన్ అవ్వండి!" అని అరిచాడు డైరెక్టరు. అయ్యారు, ఒకరి వెనక ఒకరు. నంబర్లు మరింత చక్కగా వరసకొచ్చాయి.

"నా ముందెవరండీ?" అన్నారు సిబ్బందిలో ఒకరు.

"నేనే. అబ్బో, మీరు ప్రేమకథలు చదువుతారా!"

"ఇన్నేళ్లలో బయటివాళ్లెవరూ దూరలేదు కదమ్మా" అన్నాడు ప్రోగ్రామరు దీనంగా.

ఆమె పాత రికార్డులు తిరగేసింది. "దూరారండీ. మీ పేజీలోకే. ఏళ్ల తరబడి, రోజూ పొద్దున్నే. మీ ఇంటి కనెక్షన్ నుంచి."

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈ అమ్మాయి పట్టేసింది!" అన్నాడు డైరెక్టరు.

ప్రోగ్రామరు స్పీకరు పెట్టి ఇంటికి ఫోన్ చేశాడు. "నువ్వు నా పేజీలోకి వస్తున్నావా?"

"రాక?" అంది భార్య. "తొమ్మిదింటికి మీరు లాగిన్ అవుతారు. ఆ వెంటనే నేనవుతాను. నా నంబర్లో ఒకటి తీసేస్తే మీరే. గడువు దగ్గరపడ్డ పుస్తకాలు పొడిగిస్తా. మీకు గుర్తుంటుందా ఏమన్నా?"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఇన్నేళ్లుగా ప్రతి ఉదయం వరసలో తన వెనకే నిలబడిందెవరో ఆయనకు అప్పుడే తెలిసింది.

"మిగతాదంతా గట్టిగానే ఉంది, మూయక్కర్లేదు" అంది పరీక్షకురాలు. "నంబర్లు ఎవరూ ఊహించలేనట్టు మార్చండి, చాలు."

సాయంత్రంలోగా మార్చాడు. ఇప్పుడు ఒక్కొక్కరికీ తలా తోకా లేని అరవై అక్షరాలు. ఎవరి వెనక ఎవరున్నారో సైటు ఇక చెప్పదు.

మర్నాడు తొమ్మిది దాటగానే ఫోన్ మోగింది. "ఏమండీ, మీ పేజీ తెరుచుకోవడం లేదు. సైటు పాడైందా?"

"లేదు" అన్నాడాయన. "బాగుపడింది."